వైరు వెంబడి నూనె

బండి మళ్ళీ ఆగిపోయింది. ఎండిన వాగు మధ్యలో, ముందు చక్రాలు రాళ్ళ మీద, వెనక చక్రాలు ఇసకలో, ఒక్కసారి దగ్గి, వణికి, చచ్చింది. తాళం తిప్పితే స్టార్టరు గిర్రున తిరుగుతోంది గాని ఇంజన్ అందుకోవడం లేదు. వెనక సీట్లోంచి మా అత్త "ఏమైందే, ఎందుకాపావే" అని అరుస్తోంది, నేనాపలేదత్తయ్యా అదే ఆగింది అని పైకి అన్నానో లోపలే అనుకున్నానో తెలీదు, ఆవిడ ఒళ్ళో నా మొగుడి తల ఉంది, తల చుట్టూ ఆవిడ చింపి కట్టిన పైటచెంగు, చెంగు నిండా నెత్తురు, ఆ నెత్తురు ఆవిడ కొడుకుది, ఆ దెబ్బ ఆవిడ కొట్టిందే. కొట్టిన రాడ్డు ఇంకా ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది. జాకీ రాడ్డు. చేతిలోంచి వదలకుండానే బండెక్కింది, ఎందుకు తెచ్చుకుందో ఆవిడకే తెలీదు.

దిగాను. ఎడం చేత్తో బానెట్ ఎత్తాను. కుడిచేతిని పొట్టకి ఆనించుకున్నాను, దాని బొటనవేలు పొద్దున విరిగింది, విరిగిందేమిటి, నా మొగుడే విరిచాడు, పుల్ల విరిచినట్టు వెనక్కి మడిచి విరిచాడు, ఆ చప్పుడు నాకు చెవుల్లో కాదు పళ్ళలో వినిపించింది, ఇప్పుడది నల్లగా ఉబ్బిపోయి ఎవరిదో వేలు తెచ్చి నాకు అతికించినట్టుంది. ఎండ నెత్తి మీద నిలబడి ఉంది. ఆస్పత్రి ఎక్కడ, వాగు దాటాలి, గుట్ట ఎక్కాలి, దిగాలి, తారు రోడ్డు పట్టుకోవాలి. ఈ దారిన క్వారీ బళ్ళు తప్ప ఏవీ రావు, ఇవాళ క్వారీకి సెలవు. ఫోనుకి ఇక్కడ సిగ్నల్ అందదు. బానెట్ కింద నాకు మొదట కనిపించింది నా జుట్టే. ఫ్యాన్ ఆకులకి చుట్టుకుని, బెల్టు సందులో ఇరుక్కుని, కొసకి కట్టుకున్న రబ్బర్ బ్యాండుతో సహా. చెయ్యి మెడ వెనక్కి పోయింది, జడ వెతుక్కుంది, జడ భుజం దగ్గరే ఆగిపోయింది.

నేనన్నది ఒక్క ముక్క. వైర్ల కనెక్టర్లలో ఆయిలుందని ముందే చెప్పాగా, అన్నాను, అంతే. నిన్న ఈ బండి క్వారీ ఎత్తులో డ్రిల్లింగ్ వాళ్ళని ఎక్కించుకుని ఎక్కుతూ ఎక్కుతూ చచ్చి వెనక్కి జారిందట, జనం దూకేశారట, దూకినవాళ్ళు కింద నిలబడి నవ్వారట. క్వారీలో ఈ బండి తోలే వీణ్ణి అందరూ నాలుగో గేరంటారు, నెమ్మదిగా పోవడం తెలీనివాడని, నిన్న ఎవడో నాలుగో గేరు రివర్సులో పడిందిరా అన్నాడట. ఆ మాట రాత్రంతా వాడి లోపల ఉడికింది. పొద్దున్నే డీజిల్ ఫిల్టర్ మార్చాడు, అదివరకే ఒకసారి మార్చిందే, బ్యాటరీ క్లిప్పులు గీకాడు, ఇంజన్ ఆన్ చేసి పెట్టి స్పానర్లు విసిరాడు, నేను నీళ్ళ బిందెతో వెళ్తూ ఆ ముక్క అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఎందుకుండాలి? నేను వైరింగ్ పనిదాన్ని, షెడ్డులో మేస్త్రి దగ్గర పెద్ద పెద్ద లారీల వైర్లు విప్పి పరిచి మళ్ళీ కూర్చినదాన్ని, ఈ బండికి ఏ రోగమో నాకు తెలుసు, తెలిసింది చెప్పాను. జడ పట్టుకుని లాక్కొచ్చాడు. "చూపించవే, ఎక్కడుందో నీ ఆయిలు, చూపించు." చూపించాను. వేలితోనే చూపించాను. ఆ చేతి బొటనవేలు పట్టుకున్నాడు.

తరవాత మెడ పట్టుకున్నాడు. తిరుగుతున్న ఫ్యాన్ మీదికి నా మొహం వంచాడు, గాలి కళ్ళలో కొట్టింది, వేడి గాలి, డీజిలు వాసన గాలి, "దగ్గరికెళ్ళి చూడు, ఇంకా దగ్గరికి" అంటున్నాడు, చాలా నెమ్మదిగా అంటున్నాడు, వీడికి నెమ్మది తెలీదన్న వాళ్ళెవరూ వీణ్ణి ఇంట్లో చూడలేదు. జడ ముందుకి జారి కొస లోపలికి పోయింది. నెత్తి మీది చర్మం లేచిపోతున్నట్టు, తల మొత్తం ఒక్క మూల నుంచి ఊడి వచ్చేస్తున్నట్టు, అరిచానేమో, నా అరుపు నాకు వినపడలేదు, జడ తెగింది గనక నేను ఉన్నాను, తెగకపోతే మొహం ఉండేది కాదు. తెగినందుకు వాడికి కోపం వచ్చింది. మళ్ళీ మెడ మీద చెయ్యి పడింది. అప్పుడు నేను విన్నది రేడియో. వంటింట్లో రేడియో ఆగిపోవడం. వీడు నన్ను కొట్టినప్పుడల్లా మా అత్త రేడియో గొంతు పెంచేది, వార్తలో పాటలో వ్యవసాయ కబుర్లో ఏదైతే అది, ఇల్లంతా అదిరేలా పెంచేది, ఎరువులు ఎంత మోతాదులో వెయ్యాలో వింటూ నేను దెబ్బలు తినేదాన్ని. ఇవాళ ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు ఒక చప్పుడు, మెడ మీది చెయ్యి వదులైంది, వాడు నా పక్కనుంచి మూటలా జారిపోయాడు, వెనక మా అత్త రెండు చేతులా రాడ్డు పట్టుకుని నిలబడి ఉంది, ఆ రాడ్డు ఎవరిదో తనకి దారిలో దొరికినట్టు దాన్ని చూస్తోంది.

బండిలో ఎక్కినప్పటినుంచీ మాత్రం వేరే పాట పాడుతోంది. "బానెట్ పడింది తల మీద. అంతే కదే? రిపేరు చేసుకుంటుంటే పడింది. అడిగితే అలాగే చెప్పు." చెప్తాను లెండి. "అసలు నీ నోరే. ఆ నోరు మూసుకునుంటే ఏమీ జరిగేది కాదు." అవును లెండి. నేను తిరగబడలేదు, ఎడం చేత్తో స్టీరింగు, మోచేత్తో గేరు, రాళ్ళ మీద ప్రతి కుదుపుకీ వేలు పేలిపోతోంది, వెనకనుంచి వాడి మూలుగు, ప్రతి మూలుక్కీ నా లోపల ఏదో తీపి, చెప్పుకోకూడదు గాని తీపే, ఇంకో రాయి మీదికి ఎక్కించాలనిపించింది, ఎక్కించాను కూడా. ఇప్పుడిక రాళ్ళు కూడా అక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ఆ తుమ్మచెట్టు నీడలో కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చుంటే నెత్తురు తన దారిన తను కారిపోతుంది, నేను వేలు కూడా కదపక్కర్లేదు, కదపడానికి ఆ వేలూ లేదు. వాడి మొహం తెల్లబడడం, పెదాలు ఎండిపోవడం, ఈగలు రావడం, అన్నీ మనసులోనే చూశాను, నిలబడ్డ చోటే నిలబడి ఎంతో తీరిగ్గా చూశాను, ఒక్కో ఈగనీ చూశాను. చూస్తుండగానే నా ఎడంచెయ్యి పోయి వైర్ల కట్ట పట్టుకుంది. దానికి నా మొగుడెవరో తెలీదు. దానికి ఆగిపోయిన ఇంజన్ తెలుసు.

ముందు తాళం ఇంకోసారి తిప్పి చూశాను. స్టార్టరు తిరుగుతోంది, డీజిలు వాసన వస్తోంది, కానీ ఇంజన్ చుట్లు చూపించే ముల్లు సున్నా దగ్గర చచ్చి పడుకుని ఉంది, ఇసుమంత కూడా కదల్లేదు. అంటే ఇంజన్ తిరుగుతున్న సంగతి దాని కంప్యూటర్‌కి తెలియడం లేదు. వేడెక్కితే తెలియదు, చల్లారితే మళ్ళీ తెలుస్తుంది, ఇన్నాళ్ళూ ఇదే ఆట. చల్లారేదాకా కూర్చునే టైము వెనక సీట్లో వాడికి లేదు. ఆయిల్ సెన్సర్ దగ్గరికి వంగాను, ఇంజన్ పక్కన ఉల్లిపాయంత ఉంటుంది, దాని నెత్తిన కనెక్టర్. లాకు నొక్కాలంటే బొటనవేలు కావాలి. ఎడంచెయ్యి ఆ సందులో అటు తిరగదు. మొహం పెట్టాను, వేడి ఇనుము చెంపకి చురుక్కుమంది, పళ్ళతో లాకు కొరికి లాగాను, ఊడింది, ఊడుతూనే నోటినిండా ఆయిలు. చేదు, మాడు, ఇనుము. ఉమ్మాను. నేను చెప్పిందే. నేను చెప్పిందే, నా జడ తెగేముందు కూడా ఇదే చెప్పాను. సెన్సర్ లోపలి బిళ్ళ చిట్లితే ఆయిల్ బయటికి కారదు, కనెక్టర్లోకి దూరుతుంది, అక్కణ్ణుంచి వైరు తొడుగు లోపల, రాగి పోగుల మధ్యన, దీపం వత్తి నూనె పీల్చినట్టు పాకుతూ పాకుతూ మూరెడు దూరంలో ఉన్న కంప్యూటర్ డబ్బా ప్లగ్గులోకి చేరుతుంది. పైనుంచి చూస్తే వైరు పొడిగా, శుభ్రంగా ఉంటుంది. పెళ్ళికి ముందు వీడు షెడ్డుకి వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుని "నీ వేళ్ళకి కళ్ళున్నాయేమిటి" అనేవాడు, ఊరికే చూస్తూ కూర్చునేవాడు, టీ తెచ్చి నా చేతులు మురికిగా ఉన్నాయని గ్లాసు తనే నా నోటి దగ్గర పట్టేవాడు, ఆ టీ తీపి ఇప్పటికీ గుర్తుంది, ఛీ, ఆయిల్ నోట్లో ఇది గుర్తు రావాలా.

కంప్యూటర్ డబ్బా ప్లగ్గు పెద్దది, దానికి పళ్ళు చాలవు. తుడవడానికి స్పిరిట్ కావాలి. సీటు కింద మందుల డబ్బాలో సీసా ఉంది, సగం ఉంది. నేను వెళ్ళేసరికి మా అత్త దాని మూత తీసి కొడుకు తల మీద వంపబోతోంది. "అది నాకివ్వండి." "నీకెందుకు? తల పగిలింది నీదా వాడిదా?" "మీరు పగలగొట్టిన తలకి స్పిరిట్ చాలదత్తయ్యా, డాక్టరు కావాలి. డాక్టరు దగ్గరికి బండి కావాలి. బండికి ఇది కావాలి." మీరు పగలగొట్టిన. ఆ మాట మొదటిసారి గాల్లోకి వచ్చింది. ఆవిడ మొహం రాయిలా బిగుసుకుంది, నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బావుణ్ణనుకున్నాను, తిరిగి కొట్టొచ్చు. కొట్టలేదు. సీసా నా చేతిలో పెట్టలేదు కూడా, తనే పట్టుకుని, కొడుకు తల కింద గోనెసంచి మడిచిపెట్టి దిగింది. "ఎక్కడ నొక్కాలో చెప్పు." ఆ చేతులు క్వారీలో కంకర కొట్టిన చేతులు. చూపుడువేలు గోరు ఎప్పుడో సుత్తి కింద పోయింది, మళ్ళీ రాలేదు. మామయ్య తాగొచ్చి ఈ చేతుల్నే తొక్కేవాడని వీడే ఒకసారి చెప్పాడు, చెప్పి ఏడ్చాడు, ఏడ్చి పడుకున్నాడు, తెల్లారి కూర చల్లగా ఉందని నా చెంప పగలగొట్టాడు. "ఇటు నొక్కండి, నొక్కిపట్టి అటు లాగండి, గట్టిగా కాదు." ప్లగ్గు ఊడింది. లోపల సన్నని పిన్నులన్నీ నల్లగా, జిగటగా, రబ్బరు బిళ్ళ నూనె తాగి ఉబ్బిపోయి పిన్నుల్ని ఎడంగా తోసేసింది. ఆవిడ వంగి చూసింది. వేలితో ముట్టుకుని, వేలు వాసన చూసుకుంది. "ఇంతేనా? ఈ చుక్కకేనా?" "ఈ చుక్కకే." చాలాసేపు ఆ వేలు వైపే చూసింది, తరవాత నా వేలు వైపు చూసింది. 

చున్నీ చింపాను, పళ్ళతోనే. స్పిరిట్ తడిపి ఒక్కో పిన్నూ తుడిచాను, ఆవిడ పట్టుకుంటే నేను తుడుస్తూ, నేను ఊదితే ఆవిడ ఎండకి తిప్పుతూ, ఇద్దరం ఎప్పుడూ ఒక గిన్నె కూడా కలిసి తోమలేదు, నేను తోమిన గిన్నె ఆవిడ మళ్ళీ తోముకునేది. ఉబ్బిన రబ్బరు బిళ్ళని మందుల డబ్బాలోని చిన్న చాకు మొనతో లాగి పారేశాను. ఆయిల్ సెన్సర్ వైరు మళ్ళీ తగిలించకూడదు, తగిలిస్తే మళ్ళీ పాకుతుంది, కనెక్టర్ మూతిని గుడ్డతో కట్టి పక్కకి వేలాడదీశాను, ఎర్ర లైటు వెలుగుతుంది, వెలగనీ, సెన్సర్లోంచి చుక్కా చుక్కా కారుతుంది, కారనీ. ఈ పనిలో నాకు వేలి నొప్పి తెలీలేదు. వాడి మూలుగు ఆగిపోయిన సంగతి కూడా తెలీలేదు. వెనక తలుపు కిర్రుమంది.

చింపి కట్టిన పైటచెంగు వేలాడుతున్న తలతో, ఒక కన్ను నెత్తుటితో మూసుకుపోయి, బండిని పట్టుకుని నడుస్తూ వచ్చాడు. చేతిలో రాడ్డు. "నువ్వేనా. వెనకనుంచి కొడతావా. నన్నే కొడతావా." గొంతు మళ్ళీ ఆ నెమ్మది గొంతు. ఇన్ని ఈగల్ని చూసిన దాన్ని, వైర్ల కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మొదటి దెబ్బ మడ్‌గార్డ్ మీద పడి రేకు సొట్టపోయింది. రెండో దెబ్బకి మా అత్త అడ్డం వచ్చింది. "ఆమె కాదురా, నేనే కొట్టాను, నేను" అంటూ వచ్చింది, ఆ మాట పూర్తయిందో లేదో, వాడు విన్నాడో లేదో, విని కూడా ఆపలేదో, రాడ్డు ఆవిడ భుజం మీద పడింది, ఎముక మీద ఇనుము పడ్డ చప్పుడు, ఆవిడ అరవలేదు, ఆ కుటుంబంలో ఆడవాళ్ళు అరవరు, మోకాళ్ళ మీద కూలబడింది. సీసా నా కాళ్ళ దగ్గర దొర్లింది. తీశాను. ఉన్నదంతా వాడి మొహం మీద కొట్టాను, కంట్లో, పగిలిన తలలో, పచ్చి గాయంలో. వాడు అరిచిన అరుపుకి వాగు ఒడ్డున పిట్టలు లేచిపోయాయి. మొహం రెండు చేతులా పట్టుకుని వెల్లకిలా పడ్డాడు, తన్నాను, పక్కలో తన్నాను, మళ్ళీ తన్నాను, ఏ తన్ను దేనికో లెక్క ఉంది నాకు, చెప్పుల కాలు చాలక మోకాలితో పొట్ట మీద కూర్చున్నాను, ఎడంచేతిలోకి రాడ్డు ఎలా వచ్చిందో వచ్చింది. ఎత్తాను. వాడి నుదురు ఎంత పల్చగా ఉందో. ఎంత తేలికో. దించాను. చెవి పక్కన ఇసకలో దిగబడింది, జానెడు లోతు, నేను గురి తప్పానో తప్పించానో నాకిప్పటికీ తెలీదు. మళ్ళీ ఎత్తుతుంటే వెనకనుంచి మా అత్త గొంతు, ఆపమని కాదు, వద్దని కాదు, చాకలిమూట కట్టమన్నంత మామూలుగా, "కాళ్ళ మీద నేను కూర్చుంటా. చేతులు కట్టు. బండి లాగే తాడుంది సీటు కింద."

కట్టాం. ఒకటిన్నర చేతులున్న నేను, ఒక భుజం పడిపోయిన ఆవిడ, ఇద్దరం కలిసి ఒక మనిషి చేసే ముడి వేశాం, ముడి పళ్ళతో బిగించింది ఆవిడే. వాడు ఏడుస్తున్నాడు. "అమ్మా, దాన్ని చంపేస్తానే, వదులు, చంపేస్తానే." "తెలుసు నాన్నా," అంది ఆవిడ, ముడి మీద ఇంకో ముడి వేస్తూ, "అందుకే." అంత మెత్తగా వాడితో మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. వాణ్ణి వెనక సీట్లోకి ఎలా ఎక్కించామో అడక్కండి, ఈడ్చాం, తోశాం, బూతులు తిట్టాను, ఆవిడ కూడా తిట్టింది, నాకు తెలియని బూతులు కూడా తిట్టింది. తరవాత బానెట్ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పెట్టాను, ఆవిడ అరచేత్తో నొక్కింది, టక్కుమని లాకు పడింది. తాళం తిప్పాను. ముల్లు వణికింది, లేచింది. ఇంజన్ అందుకుంది.

గుట్ట ఎక్కుతున్నంతసేపూ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, ఆయిల్ ఇంజన్ మీద పడి మాడి పొగ వాసన. అద్దంలో చూశాను, ఆవిడ వాడి తల మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది, ముడి వేసిన చేత్తోనే నుదుటి నెత్తురు తుడుస్తోంది, తుడుస్తూ ముడి వదులైందేమో ఒకసారి లాగి చూసింది. ఎత్తులో ఇంజన్ ఒక్కసారి తడబడింది, అమ్మా తల్లీ ఆగకు అన్నాను, బండితోనే అన్నాను, ఆగలేదు. వాడు చచ్చిపోతాడేమోనన్న భయం అప్పుడు కలిగింది. ప్రేమ కాదు. చస్తే ఆవిడ చంపినట్టవుతుందని.

ఆస్పత్రి గుమ్మంలో స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు చేతులకున్న తాడు చూసి ఆగిపోయారు. వాడు స్పృహలోనే ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు. "ఏమైంది? ఎవరు కట్టారు?" బానెట్ అని నా నాలుక చివర ఉంది, ఆవిడ నేర్పిన మాట. ఆవిడే ముందు మాట్లాడింది. "నేనే కొట్టాను. నేనే కట్టాను. వీడి తల్లిని. త్వరగా కుట్లు వెయ్యండి, బాబ్బాబూ, నెత్తురు చాలా పోయింది. కట్లు మాత్రం ఇప్పుడే విప్పకండి." వాళ్ళు తోసుకుంటూ లోపలికి పరిగెత్తారు, ఆవిడ రెండడుగులు వెంట వెళ్ళి వెనక్కి తిరిగింది. నేను ఇంజన్ ఆపి దిగబోతున్నాను. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం మీద ఉన్న నా చేతిని పట్టుకుంది. "ఆపకు. ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదో." "మరి నా వేలు..." "డాక్టర్లు ఇంకో ఊళ్ళో లేరా? మీ అక్క ఊళ్ళో లేరా?" "మీరో, అత్తయ్యా? పోలీసులొస్తారు." "కొట్టినదాన్ని నేనుంటాగా. వాడి కట్లు విప్పేసరికి ఎదురుగా నేనుండాలి, నువ్వుండకూడదు." లోపల ఎక్కడో వాడు నా పేరు పెట్టి అరుస్తున్నాడు. ఇన్నేళ్ళ రేడియో గురించి అడగాలనుకున్నాను, అడగలేదు. ఆవిడ దూరం జరిగి, లోడు నిండాక కూలీలు డ్రైవర్‌కి పో పొమ్మని బండి పక్కన చరుస్తారే, అలా, పడిపోని చేత్తో తలుపు రేకు మీద ఒక్క దెబ్బ కొట్టింది. గేరు వేశాను.